కదలని కండరమంతా చచ్చినట్టేనా?

ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు చేతికి రాగానే ఇంట్లో అందరి చూపూ ఒక్క అంకె మీద పడుతుంది: ఈఎఫ్ 30. "గుండె ముప్పై శాతమే పనిచేస్తోందట" అని చుట్టాలకు ఫోన్లు వెళ్తాయి. నిజానికి ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా ఎడమ గదిలోని రక్తమంతా బయటికి పంపదు. కొట్టుకున్న ప్రతిసారీ అందులో ఎంత శాతం పంపుతుందో చెప్పేదే ఈఎఫ్; అది 55 నుంచి 70 ఉంటే నార్మలే. 30 తక్కువే, కానీ మిగతా డెబ్బై శాతం చచ్చిపోయిందని దాని అర్థం కాదు.

గుండె రక్తనాళం మూసుకుపోతే ఆ భాగంలో కండరం కొన్ని సెకన్లలోనే ముడుచుకోవడం మానేస్తుంది. చావడానికి మాత్రం టైం పడుతుంది; కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో సుమారు 20 నిమిషాల తర్వాతే కణాలు చావడం మొదలైంది. ఆలోగా రక్తం అందితే బతికిపోతాయి, కానీ వెంటనే పనిలోకి దిగవు. 1975లో హైన్‌డ్రిక్స్ బృందం కుక్కల్లో నాళాన్ని 15 నిమిషాలు మూసి వదిలితే, కండరం తేరుకోవడానికి ఆరు గంటలకు పైనే పట్టింది. 1982లో బ్రౌన్‌వాల్డ్, క్లోనర్ దీన్ని 'స్టన్నింగ్' అన్నారు. మన మాటల్లో దిమ్మెరపోవడం.

ఇందులో తమాషా ఏమిటంటే, దెబ్బలో కొంత భాగం తిరిగొచ్చిన రక్తానిదే. ఆక్సిజన్ ఒక్కసారిగా అందేసరికి కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడతాయి, కణాల్లోకి కాల్షియం పొంగుతుంది. 'ముడుచుకో' అని కండరంలోని తంతువులకు కబురు చేరవేసేది కాల్షియమే. ఇప్పుడు కబురు అందుతున్నా తంతువులు సరిగా పలకవు.

కండరం బతికుండీ కదలకపోవడానికి రెండో కారణం 'హైబర్నేషన్', అంటే నిద్రాణస్థితి. 1980లలో రహింతులా అనే గుండె వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన మాట. నాళం నెలల తరబడి ఇరుకుగా ఉంటే కండరం పని తగ్గించుకుని ప్రాణం నిలుపుకుంటుంది. మైక్రోస్కోప్‌లో చూస్తే ముడుచుకునే తంతువులు తగ్గి, ఆ చోట గ్లైకోజెన్ (నిల్వ చక్కెర) నిండి ఉంటుంది. రక్తం ఎప్పుడూ తక్కువగా అందడమా, మళ్లీ మళ్లీ దిమ్మెరపోవడమా అసలు కారణం? ఈ వాదన పాతదే. రెండూ కలిసే ఉంటాయని నాకనిపిస్తుంది.

కదలని కండరంలో ప్రాణం ఉందో లేదో తేల్చడానికి, గుండెను గట్టిగా కొట్టుకునేలా చేసే డోబుటమిన్ మందును కొద్దికొద్దిగా ఎక్కిస్తూ ఎకో తీస్తారు. అప్పటిదాకా కదలని గోడ చిన్న డోసుకు లోపలికి ముడుచుకుంటుంది. డోసు పెంచితే మళ్లీ ఆగిపోతుంది. కండరం బతికే ఉందనడానికి అదే గుర్తు.

అయితే ప్రాణం ఉన్నంత మాత్రాన స్టెంట్‌తో అంతా చక్కబడుతుందనీ కాదు. బ్రిటన్‌లో 700 మందితో చేసిన 'రివైవ్డ్' ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి: మందులకు స్టెంట్లు తోడైనా మరణాలు, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడాలు తగ్గలేదు. ఒకవేళ కోలుకున్నా, హైబర్నేషన్ నుంచి బయటపడటానికి నెలలు పట్టొచ్చు. స్టెంట్ వేసిన మర్నాడే ఈఎఫ్ పెరగలేదని దిగులుపడితే మరీ తొందర.