గుబ్బల టైరు ఎందుకు మూలుగుతోంది?

పిల్లలూ,

రథయాత్ర అయిన మూడో రోజు, జల్లు పడీ పడకుండా ఉన్నప్పుడు, మా వీధి చివరింటి పిల్ల సైకిలు నడిపించుకుంటూ వచ్చి మా అరుగు మీద కూలబడింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. మా ఊరి నుంచి ఒడిశాలోని పర్లాకిమిడిలో బడికి రోజూ ఏడు కిలోమీటర్లు పోవాలి, ఏడు రావాలి. వాళ్ళన్న కాలేజీకి వెళ్తూ వదిలేసిన గేర్ల సైకిలు ఇప్పుడు ఆమెది. కొండలెక్కే సైకిలని చెప్పి అమ్ముతారే, లావు టైర్లు, వాటి నిండా గుబ్బలు, అదీ.

"తాతయ్యా, గట్టు మీద కిక్కురుమనదు. తారు రోడ్డెక్కగానే గుర్రుమని ఒకటే మూలుగు. కాళ్ళు పీకేస్తున్నాయి. మా క్లాసబ్బాయి సన్న టైర్లు వేయించుకోమంటున్నాడు. వేయించుకుంటే తొందరగా పోతానా? గట్టు మీద జారి పడతానా?"

ఆ పిల్లకి నోటితో చెప్పిందే మీ అందరికీ రాస్తున్నాను. వానలు మొదలయ్యాక ఈ చుట్టుపక్కల సైకిలు తొక్కే పిల్లలందరిదీ ఇదే గొడవ.

ముందు దారి సంగతి. ఊళ్ళోంచి చెరువు గట్టు మీద ఒక కిలోమీటరు, ఎర్రమట్టి. తర్వాత రెండు కిలోమీటర్లు మోరం రోడ్డు, రాళ్ళు పైకి తేలి ఉంటాయి. ఆపైన నాలుగు కిలోమీటర్లూ తారు, మధ్యలో రైలు గేటు. ఏడింట నాలుగు వంతులు గట్టి నేలన్నమాట. ఈ లెక్క పక్కన పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇప్పుడు చెప్పులు విడవండి. టైరు సంగతి కాళ్ళకే బాగా తెలుసు.

వానలో గట్టు మీద నడిచేటప్పుడు మీ కాలివేళ్ళు ఏం చేస్తాయో ఎప్పుడైనా చూశారా? మీరు చెప్పకుండానే ముడుచుకుని మట్టిలోకి దిగుతాయి. బొటనవేలు మేకులా పాతుకుంటుంది. అవే వేళ్ళు అలాగే ముడిచి సిమెంటు అరుగు మీద నడిచి చూడండి. నాలుగడుగులకే నొప్పి పుడుతుంది. సిమెంటు దిగనివ్వదు, అక్కడ పాదం పరిచి వేయాల్సిందే.

టైరు మీద గుబ్బలు కాలివేళ్ళే. మెత్తటి నేల దొరికితే దిగి పట్టుకుంటాయి. తారు మీద దిగడానికి చోటుండదు. బరువు పడ్డప్పుడల్లా ఒక్కో గుబ్బ పక్కకి వంగుతుంది, చక్రం తిరిగి బరువు పోయాక మళ్ళీ లేస్తుంది. ఆ వంగడానికీ లేవడానికీ అయ్యే ఖర్చు మీ పిక్కలు కడతాయి. వరసగా గుబ్బలు తారుని కొట్టుకుంటూ పోయే చప్పుడే ఆ మూలుగు. వేగం పెంచితే దాని స్వరమూ పైకి పోతుంది, వినండి.

తడి కాలితో అరుగు మీద అడుగు వేస్తే అచ్చు పడుతుంది కదా, టైరుకీ అలాంటి అచ్చు ఉంటుంది. అది ఎంత ఉంటుందో ఆ పిల్లా నేనూ సుద్దముక్కతో అరుగు మీదే లెక్క కట్టాం. పిల్ల 40 కిలోలు, సైకిలు 16, పుస్తకాల సంచి 6. (ఈ సంచి గురించి మాట్లాడితే నాకు కోపం వస్తుంది, వదిలేద్దాం.) మొత్తం 62. ట్యూబులో గాలి 40 పీఎస్‌ఐ అనుకున్నాం, అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 2.8 కిలోలు. భాగిస్తే 22 చదరపు సెంటీమీటర్లు, అదీ రెండు చక్రాలకీ కలిపి. సగటున ఒక్కో చక్రానికి 11. మూడు రూపాయి బిళ్ళలు పక్కపక్కన పేరిస్తే దాదాపు అంతే! టైరు గోడల బిగువు లెక్కలో వేయలేదు కాబట్టి కొంచెం అటూఇటూ అవుతుంది. అయినా చూడండి, పిల్ల, సంచి, సంచిలో లెక్కల పుస్తకం, డబ్బాలో ఉప్మా, అన్నీ కలిసి ఆరు రూపాయి బిళ్ళల మీద పర్లాకిమిడి పోతున్నాయి. ఇన్నేళ్ళు సైకిలు తొక్కిన నేనే సుద్దముక్క పట్టుకుని కాసేపు ఊరుకుండిపోయాను.

సన్న టైరు వేస్తే ఆ అచ్చు తగ్గుతుందా? గాలి అంతే ఉంటే తగ్గదు. ఆకారం మారుతుందంతే. లావు టైరు అచ్చు పొట్టిగా వెడల్పుగా, సన్న టైరు అచ్చు పొడుగ్గా ఉంటుంది. పొడుగు అచ్చు పడాలంటే టైరు గోడ ఎక్కువ నలగాలి. ఆ నలుగుడు తగ్గించడానికే సన్న టైర్లలో గాలి బిగించి కొడతారు. అప్పుడు తారు మీద బాగానే దూసుకుపోతుంది. మోరం మీద మాత్రం ప్రతి రాయీ వెన్నులోకి వచ్చి పలకరిస్తుంది. కాబట్టి ఆ క్లాసబ్బాయి మాటలో సగమే నిజం. ఆ పిల్లని అలసగొడుతున్నవి ముఖ్యంగా గుబ్బలు, లావుని తప్పుపట్టి లాభం లేదు.

గాలి బిగిస్తే ఏమవుతుందో నాకు పన్నెండో ఏట తెలిసింది. అప్పట్లో మాకు చిన్న రైలు ఉండేది. నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారు 1900లో వేయించారు, 1931 నాటికి గుణుపురం దాకా పోయింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. 2004లో దాన్ని ఆపేసి పెద్ద పట్టాలు వేశారు. ఆ చిన్న బండితో పందెం కట్టడం మా ఈడు కుర్రాళ్ళకి పెద్ద సరదా. గంటకింత అని అద్దెకి సైకిలు తీసుకుని, పట్టాల పక్క బాటలో తొక్కేవాళ్ళం. గాలి ఎంత గట్టిగా ఉంటే అంత వేగం అని ఎవరో చెప్తే నమ్మి, పంపు మీద ఎక్కి తొక్కినంత పని చేసి, టైరు రాయిలా అయ్యేదాకా కొట్టాను. బండి కూత పెట్టింది, నేను బయల్దేరాను. మొదటి రాయికి ఎగిరాను, రెండో రాయికి హ్యాండిలు వదిలాను, తర్వాత ఇసక తగిలి ముందు చక్రం అడ్డం తిరిగింది. కిటికీల నిండా తలకాయలు. వాళ్ళ నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది. సైకిలుషాపు ఒడియా మేస్త్రీ నా మోకాలి వైపు చూడనైనా చూడలేదు. చక్రం నొక్కి చూసి, "పబన టికే కమ్ కర" అన్నాడు. గాలి కొంచెం తగ్గించు అని. ఇంతకంటే మంచి సలహా నాకు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

మళ్ళీ పాదం దగ్గరికి వద్దాం. గాలి ఎక్కువైన టైరు మోకాళ్ళు వంచకుండా బిర్రబిగుసుకుని నడిచేవాడిలాంటిది, ప్రతి రాయికీ ఎగురుతాడు. గాలి తక్కువైనది కాళ్ళీడ్చుకుంటూ నడిచేవాడిలాంటిది. రాయి తగిలితే ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, అచ్చం పాము కాటులా. పాత టైరు గోడల మీద పగుళ్ళు అమ్మమ్మ మడమ పగుళ్ళు. గుబ్బల కింద కొన్ని టైర్లలో కెవ్లార్ లాంటి గట్టి పట్టీ వేస్తారు, అది చెప్పు అట్ట. మా గట్టు మీద పల్లేరు కాయలూ తుమ్మ ముళ్ళూ ఉన్నాయి కాబట్టి నాలుగు డబ్బులు ఎక్కువైనా పట్టీ ఉన్నదే కొనమన్నాను. పంచరు పడిన రోజు మొదటి పీరియడ్ పోతుంది, మాస్టారి చేత చీవాట్లు అదనం.

ఒక్కచోట మాత్రం నా పోలిక కుంటింది. పాదాలు రెండూ ఒకేలా ఉండాలి, టైర్లు అలా ఉండక్కర్లేదు. వెనక చక్రం మీద బరువు ఎక్కువ, తొక్కే బలమంతా దాని మీదే, అందుకని అరిగేదీ అదే ముందు. ముందు చక్రం దారి పట్టుకోవాలి. వెనకది జారితే సైకిలు తోక ఊపుతుంది, చాలాసార్లు సర్దుకోవచ్చు. ముందుది జారితే ఇక నేలే. ఒక్క టైరుకే డబ్బులుంటే వెనకది మార్చండి, గుబ్బలు బాగా ఉన్న పాతది ముందు వైపు ఉంచండి. ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు వేసుకున్నట్టు కనబడుతుంది. కనబడనివ్వండి. చూసేవాళ్ళు నవ్వుతారని టైరు కొనేవాడు రేపు వాళ్ళ కోసం చాలా కొనాల్సి వస్తుంది.

ఇక కొలత. ఇక్కడ నేను మోసపోయాను, జాగ్రత్తగా వినండి. మా అబ్బాయి గేర్ల సైకిలుకి టైరు కావాలని పట్నంలో ఒక షాపుకి వెళ్ళి, "26 ఇవ్వండి, కాస్త సన్నది" అన్నాను. ఇచ్చాడు. ఇంటికొచ్చి ఎక్కిస్తుంటే రిమ్ము మీద వదులుగా వేలాడింది. దాని మీద 26 × 1⅜ అని ఉంది, మొదటి అంకె చక్రం ఎత్తు, రెండోది టైరు లావు, రెండూ అంగుళాల్లో. మా సైకిలుది 26 × 1.95. రెండూ ఇరవయ్యారే, కానీ రిమ్ములు వేరు. టైరు గోడ మీద చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది, 50-559 అనో, 37-590 అనో. మొదటిది లావు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 559 రిమ్ముకి 559 టైరే. మన తాతల నాటి పెద్ద సైకిలు 28 × 1½ అయితే దానిది 635. ఇంకో వింత, 26 × 1.75 కీ 26 × 1¾ కీ కూడా రిమ్ములు వేరే. దశాంశమైనా భిన్నమైనా విలువ ఒకటేనని మీ లెక్కల మాస్టారు చెప్తారు. ఆయన మాట పరీక్షలో వినండి, సైకిలుషాపులో వినకండి.

దారిలో ఏడింట నాలుగు వంతులు తారే కదా, అందుకని ఆ పిల్లకి చివరికి ఏం చెప్పానంటే, అదే 559 రిమ్ముకి 1.75 నుంచి 1.95 లోపు లావున్న టైరు, నడిమధ్యన తెగకుండా నున్నటి పట్టీ, అంచుల్లో చిన్న గుబ్బలు. తారు మీద నిటారుగా పోయేటప్పుడు నున్నటి నడుము ఒక్కటే నేలకి తగులుతుంది, మూలుగు ఆగుతుంది. గట్టు మీద టైరు మట్టిలోకి కొంచెం దిగితే అంచు గుబ్బలు పనికొస్తాయి. పరిచి వేసిన పాదం అనుకోండి, అవసరమైతేనే వేళ్ళు ముడుస్తుంది. (అదిగో, పోలిక మళ్ళీ లేచి నడిచింది.) పెద్ద గుబ్బలకి ఇంకో చిక్కు, మన ఎర్రమట్టి వాటి మధ్య అంటుకుని, మడ్‌గార్డు కింద ఇరుక్కుని, చక్రమే తిరగదు. గాలి వెనక 40, ముందు 35. టైరు గోడ మీద రాసిన హద్దులు దాటకుండా. అది 40 కిలోల పిల్లకి, మీ నాన్నకి ఇంకొంచెం కావాలి. పెట్రోలు బంకులో గొట్టం పెట్టి కొట్టించుకోకండి, క్షణంలో హద్దు దాటిపోతుంది. పంపు ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి ఇవ్వండి, అరిగిపోదు.

నున్నటి టైరు వానలో తారు మీద జారదా అని ఆ పిల్ల అడిగింది. వేగంగా పోయే కారు టైరు నీళ్ళ మీద తేలిపోతుంది కాబట్టి దానికి గాడులు కావాలి. సైకిలు టైరు సన్నగా, గుండ్రంగా ఉండి, మన వేగానికి నీళ్ళని చీల్చుకుంటూనే పోతుంది. తడి తారుని పట్టుకునేది రబ్బరే. తడిసిన రైలు పట్టా, రోడ్డు మీద తెల్ల గీత, పేడ, ఈ మూడింటి మీద ఏ టైరూ మిమ్మల్ని కాపాడదు. గేటు దగ్గర పట్టాలకి అడ్డంగా, నిటారుగా దాటండి. అదీ భయమైతే దిగి నడవండి. నేను దిగే నడుస్తాను.

ఇంతా రాశాక మీకో పని. వాన వెలిసి గట్టు మెత్తగా ఉన్నప్పుడు, ఎవరైనా సైకిలు మీద మలుపు తిరిగిన చోట వంగి చూడండి. రెండు జాడలుంటాయి, ఒకదాన్నొకటి దాటుకుంటూ. ఏది ముందు చక్రానిది, ఏది వెనకది? సైకిలు ఎటు పోయింది? జవాబు ఆ మట్టిలోనే ఉంది, నేను చెప్పను. మా అరుగు ముందు పొద్దున్నే పాలాయన సైకిలు జాడ ఉంటుంది. ఆవులు తొక్కేయకముందు రండి.

మీ
తాతయ్య