ముద్ద దిగకపోవడాన్ని ‘గ్యాస్’ అనుకోకండి: అన్నవాహిక క్యాన్సర్‌పై అపోహలు, వాస్తవాలు

అపోహ: గంజి, మజ్జిగ దిగుతున్నంత కాలం భయపడవలసిన పని లేదు.

చెన్నైలో మా ఎండోస్కోపీ (గొంతులోంచి కెమెరా గొట్టం పంపి లోపల చూసే పరీక్ష) విభాగానికి నెల్లూరు, తిరుపతి వైపు నుండి వచ్చే తెలుగువారి నోట నేను తరచుగా వినే మాట ఇది. ఎక్కువ నష్టం చేస్తున్నదీ ఇదే.

వాస్తవం: అన్నవాహిక సాగే గుణమున్న గొట్టం కాబట్టి, లోపలి దారి సుమారు 13 మిల్లీమీటర్ల కంటే ఇరుకైతే గానీ గట్టి ముద్ద అడ్డుపడటం మొదలవదు. అంటే మొదటిసారి ముద్ద నిలిచిన రోజు, జబ్బు మొదలైన రోజు కాదు. అంతకు ఎంతో ముందే లోపలి పొరలోని కణాలు డిస్‌ప్లేసియా (క్యాన్సర్‌కు ముందు కణాల్లో వచ్చే అసహజ మార్పు) దశ దాటి ఉంటాయి. గడ్డ ఆ లోపలి పొరకే పరిమితమైన దశలో ఎండోస్కోపీతోనే తొలగించే అవకాశం ఉంటుంది. దాని కింది పొర నిండా లింఫ్ నాళాలు ఉన్నందున, అక్కడికి చేరిన జబ్బు లింఫ్ గ్రంథులకు పాకే ప్రమాదం బాగా పెరుగుతుంది. పైగా పేగులకు ఉన్నట్టు అన్నవాహికకు వెలుపల సీరోసా అనే పలుచని కవచం లాంటి పొర ఉండదు. శ్వాసనాళం, బృహద్ధమని దాన్ని ఆనుకునే ఉంటాయి. గొంతు బొంగురుపోవడం, నీళ్లు తాగగానే దగ్గు రావడం జబ్బు ఇరుగుపొరుగు భాగాలను తాకిందనడానికి సూచనలు కావచ్చు.

గూడూరు వైపు నుండి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ‘ఇప్పుడు బాగానే దిగుతోంది డాక్టరు గారూ’ అన్నారు. చపాతీ మాని అన్నానికి, అన్నం మాని ఇడ్లీకి వచ్చారనీ, ఇప్పుడు చారన్నం కూడా మిక్సీలో వేసి ఇస్తున్నాననీ ఆయన భార్య చెబితే గానీ తెలియలేదు. తగ్గింది బాధ కాదు, తిండి. ఎండోస్కోపు ఆ ఇరుకును దాటి ముందుకు వెళ్లలేదు. ఆమెను తప్పుపట్టను, భర్త ఆకలి తీర్చాలన్నదే ఆమె ఆరాటం. నా కోపమంతా చూడకుండానే ‘గ్యాస్ ట్రబుల్’ అని తేల్చి నెలల తరబడి మాత్రలు మింగించేవారి మీద.

తొందరలో తిన్నప్పుడు ఎప్పుడో ఒకసారి ముద్ద అడ్డుపడితే కంగారు పడనక్కరలేదు. అదే మళ్లీ మళ్లీ జరుగుతున్నా, బరువు తగ్గుతున్నా ఎండోస్కోపీ వాయిదా వేయకూడదు.

‘ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది’ అన్నది వాట్సాప్ వైద్యం. బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) లేకుండా చికిత్స మొదలుపెట్టలేము.

‘ఛాతీమంట ఉంటే క్యాన్సర్ వచ్చినట్టే’ అన్నదీ నిజం కాదు. బారెట్ మార్పు (కడుపులోని ఆమ్లం ఏళ్ల తరబడి పైకి తన్నడంతో అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) ఉన్నవారిలో సైతం ఏడాదికి నూటికి ఒకరి కంటే తక్కువ మందికే అది క్యాన్సర్‌గా మారుతుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే స్క్వామస్ రకానికి (అన్నవాహిక లోపలి పొరలోని చదునైన కణాల్లో పుట్టే క్యాన్సర్‌కు) పొగాకు, వక్క, మద్యం ముఖ్య కారణాలు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో అనుమానిత కారకాల్లో చేర్చింది.

‘ముందు రేడియేషన్ అన్నారంటే ఆపరేషన్‌కు ఆశ లేదన్నమాట’ అని కళ్లనీళ్లు పెట్టుకునేవారికి ఒక మాట. ఆపరేషన్ చేయదగిన గడ్డలకు సైతం ముందుగా కీమో, రేడియేషన్ ఇచ్చి, గడ్డను కుదించి, ఆ తర్వాత కోయడం నేడు స్థిరపడిన పద్ధతుల్లో ఒకటి.