37 లక్షల డాలర్లు, ఒక మాట మీద తగువు

2020 ఏప్రిల్ 17న వైట్‌హౌస్‌లో ఒక విలేకరి అడిగారు: వుహాన్ ల్యాబ్‌కి అమెరికా 37 లక్షల డాలర్లు ఎందుకిచ్చింది? ఆ గ్రాంట్ ఆపేస్తామని ట్రంప్ అక్కడే చెప్పారు, వారానికి ఆపేశారు కూడా. నిజానికి ఆ డబ్బు ఇచ్చింది న్యూయార్క్‌లోని ఎకోహెల్త్ అలయన్స్ అనే సంస్థకి. గబ్బిలాల కరోనా వైరస్‌ల మీద పరిశోధనకి 2014లో మంజూరైంది. అందులో వుహాన్‌కి చేరింది సుమారు 6 లక్షలే. అయినా జనం నోట్లో 37 లక్షలే నిలబడిపోయింది.

ల్యాబుల్లో వైరస్‌లకి కొత్త బలం చేకూర్చే ప్రయోగాల మీద, వాటిని పిలిచే 'గెయిన్ ఆఫ్ ఫంక్షన్' అనే మాట మీద గొడవ కోవిడ్‌తో మొదలైంది కాదు. 2011లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఫూషియే, అమెరికాలోని విస్కాన్సిన్‌లో కవావోకా అనే శాస్త్రవేత్తలు బర్డ్ ఫ్లూ వైరస్‌ని మార్చి, ఫెరెట్ల మధ్య గాలి ద్వారా పాకేలా చేశారు. ఫెరెట్ అంటే ముంగిసలా పొడుగ్గా ఉండే చిన్న జంతువు. ఫ్లూ సోకితే మనలాగే తుమ్ముతుంది, అందుకే ఈ ప్రయోగాలకి దాన్నే వాడతారు. ఖర్చు పెట్టింది అమెరికా ఆరోగ్య పరిశోధనా సంస్థ ఎన్ఐహెచ్. ప్రాణాంతక వైరస్‌ని తయారు చేశారని ప్రపంచమంతా హడలిపోయింది. గాలి ద్వారా సోకిన ఫెరెట్లు చావలేదని ఫూషియే వివరంగా చెప్పేసరికి 2012 వచ్చేసింది.

2014లో అమెరికా ప్రభుత్వ ల్యాబుల్లోనే ఆంత్రాక్స్ క్రిములతో జరిగిన పొరపాటు, మరచిపోయిన మశూచి సీసాలు బయటపడ్డాయి. ఆ అక్టోబర్‌లో ఫ్లూ, సార్స్, మెర్స్ వైరస్‌లకి కొత్త బలం చేకూర్చే ప్రయోగాలకి నిధులు ఆపారు. 2017 డిసెంబర్‌లో కొత్త సమీక్షా నిబంధనలతో మళ్లీ అనుమతించారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. శాస్త్రవేత్తలు 'గెయిన్ ఆఫ్ ఫంక్షన్' అనే మాటని చాలా విశాలంగా, ఒక జీవికి కొత్త గుణం తెచ్చే ఏ మార్పుకైనా వాడతారు. నిబంధనల్లో మాత్రం దాని పరిధి ఇరుకు: మనుషులకి మరింత ప్రమాదకరంగా మార్చే కొన్ని ప్రయోగాలే. వుహాన్‌లో అలాంటి ప్రయోగాలకి ఎన్ఐహెచ్ డబ్బిచ్చిందని 2021లో సెనేట్‌లో సెనేటర్ ర్యాండ్ పాల్ ఒక అర్థంతో నిలదీస్తే, అప్పట్లో ఎన్ఐహెచ్‌లో అంటువ్యాధుల విభాగం అధిపతి ఫౌచీ ఇంకో అర్థంతో కాదన్నారు. టీవీల్లో మనం చూసింది ఇద్దరి అరుపులే. ఎవరు ఏ అర్థంలో అంటున్నారో చెప్పినవాళ్లు తక్కువ.

2021 అక్టోబర్‌లో ఎన్ఐహెచ్ అమెరికా పార్లమెంటుకి ఉత్తరం రాసింది. మార్చిన గబ్బిలం వైరస్ ఎక్కించిన ఎలుకలకి జబ్బు ఎక్కువగా చేసిందని, ఆ సంగతి ఎకోహెల్త్ వెంటనే చెప్పలేదని అందులో ఉంది. ఆ వైరస్‌లు కోవిడ్ వైరస్‌కి జన్యుపరంగా చాలా దూరమనీ ఉంది. ఒక వర్గం మొదటి మాటే పట్టుకుంది, రెండో వర్గం చివరి మాటే. రెండూ ఒకే ఉత్తరంలో ఉన్నాయని జనానికి చెప్పకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఎన్ఐహెచ్ పర్యవేక్షణ సరిగా లేదని 2023 జనవరిలో ప్రభుత్వ ఆడిట్ తేల్చింది. 2025 జనవరిలో ఎకోహెల్త్‌కి అయిదేళ్లపాటు ప్రభుత్వ నిధులు రాకుండా నిషేధించారు. ఆ మే నెలలో ట్రంప్ ప్రమాదకర ప్రయోగాలకి నిధులు ఆపమని ఉత్తర్వు ఇచ్చి, కొత్త విధానం 120 రోజుల్లో రాయమన్నారు.