తుపాను నాచును చంపుతుందా, పంచుతుందా?

గంజాం తీరానికి తుపానులు కొత్త కాదు. 1999 అక్టోబరులో పన్నెండు రోజుల తేడాతో రెండు తుపానులు ఒడిశాను తాకాయి. మొదటిది గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ కూడా అక్కడికే వచ్చింది. 2018లో తిత్లీ కాస్త దక్షిణాన, పలాస దగ్గర ఒడ్డెక్కింది. ఈ తీరంలోని తెలుగు మత్స్యకార పల్లెలన్నీ వీటిని చవిచూసినవే. కరేబియన్ తీరాలను గోధుమరంగు నాచు కప్పేసిన వీడియోలు ఇప్పుడు ఫోనుల్లో తిరుగుతున్నాయి. రేపొక తుపాను దాన్ని మన ఒడ్డుకూ తోసుకొస్తుందా అన్న అనుమానం రావడం సహజమే.

రాదు. కారణం తెలియాలంటే కథ అట్లాంటిక్‌లో మొదలుపెట్టాలి.

1492 సెప్టెంబరులో కొలంబస్ నావికులు నడిసముద్రంలో ఈ సర్గాసమ్ నాచును చూసి, నేల దగ్గరపడిందనుకున్నారు. తుపానులు తీరపు రాళ్ల మీది మొక్కలను పెరికి సముద్రంలోకి తోస్తున్నాయన్న వాదన ఆ తర్వాత కూడా చాలాకాలం నిలిచింది. 20వ శతాబ్దపు తొలి సగంలో జరిగిన పరిశీలనలతో అది వీగిపోయింది. అక్కడ తేలే నేటన్స్, ఫ్లూయిటన్స్ అనే రెండు జాతులు ఏ రాయినీ పట్టుకోవు. పుట్టడం, పెరగడం అంతా నీటిమీదే. గాలి నిండిన చిన్న బుడ్డలు వాటిని తేలుస్తాయి. తునిగిన ప్రతి ముక్కా కొత్త మొక్కవుతుంది.

అలాంటప్పుడు తుపాను దీనికి శత్రువా, మిత్రుడా?

జవాబులో సగం ఒక రసాయన శాస్త్రవేత్త నుంచి వచ్చింది. నోబెల్ గ్రహీత అర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1927లో అట్లాంటిక్ దాటుతూ, ఈ నాచు గాలివాటున పొడవాటి చాళ్లుగా చేరడం గమనించాడు. సరస్సులో ప్రయోగాలు చేసి 1938లో కారణం ప్రకటించాడు. గాలి వీస్తే పైనీరు పక్కపక్కనే దొర్లే సుడులుగా తిరుగుతుంది. రెండు సుడుల నీరు కలిసి కిందికి దిగే గీత మీద తేలేవన్నీ పోగవుతాయి. గాలి మితంగా ఉన్నంతవరకు ఇంతే. తుపాను గాలిలో ఆ దిగే నీటి బలం బుడ్డల తేలే శక్తిని మించిపోతుంది, నాచు లోతుకు పోతుంది. లోతులో ఒత్తిడికి బుడ్డల్లోని గాలి తగ్గిపోతే మళ్లీ పైకి రాలేదు. సముద్రగర్భంలో సర్గాసమ్ దొరకడం వెనుక ఈ కారణమూ ఉందని 1970ల్లో ప్రయోగాలు తేల్చాయి.

2011 నుంచి ఈ ప్రశ్న బరువెక్కింది. ఆఫ్రికా పడమటి తీరం నుంచి మెక్సికో సింధుశాఖ దాకా నాచు పట్టీ కట్టింది. 2018 జూన్‌లో దాని పొడవు 8,850 కిలోమీటర్లు, బరువు 2 కోట్ల టన్నులకు పైమాటే. తుపాను దారి వెంట నాచు విస్తీర్ణం తగ్గినట్టు ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది. అయితే మబ్బు కింద ఉపగ్రహానికి చూపు ఆనదు. పైగా తుపాను లోతు నీటిని కలియబెట్టి పోషకాలను పైకి తెస్తుంది కాబట్టి, మిగిలిన ముక్కలకు తర్వాత మేతా దొరకవచ్చు. అందుకే తుపాను నాచును తుడిచేస్తుందని గట్టిగా చెప్పేవారి మాట నేను సగమే నమ్ముతాను.

బంగాళాఖాతంలో పరిస్థితి వేరు. మన సర్గాసమ్ జాతులు రాతిని పట్టుకొని పెరిగేవి. విశాఖ తీరంలో రాళ్లున్నాయి కాబట్టి అక్కడ ఉంటాయి. గంజాంలో దాదాపు అంతా ఇసుకే. తుపాను తర్వాత వలకు చుట్టుకున్న నాచులో తెగిన మొదలు కాడో, రాతిని పట్టే బిళ్లలాంటి భాగమో కనిపిస్తే, అది ఎక్కడో రాళ్ల నుంచి ఊడి కొట్టుకొచ్చినదే. కొన్నాళ్లు తేలి, ఒడ్డెక్కో మునిగో పోతుంది. పైగా గంగ, బ్రహ్మపుత్ర, మహానది నీరు ఉత్తర బంగాళాఖాతం మీద తేలికైన పొరగా పరుచుకోవడం వల్ల, లోతు పోషకాలు పైకి రావడమూ ఇక్కడ కష్టమే.

గంజాం వారు నాచు గురించి బెంగపడాలంటే సముద్రం వైపు కాదు, చిలికా సరస్సు వైపు చూడాలి. అక్కడ తుపాను గాలి కన్నా వాన ముఖ్యం. ఫైలిన్ వానలకు నదులు పొంగి మంచినీరు చేరడంతో సరస్సులో ఉప్పదనం పడిపోయింది. ఉప్పు ఎక్కువ కాలం తగ్గే ఉంటే ఉప్పునీటి నాచు వెనక్కి పోయి మంచినీటి కలుపు అల్లుకుంటుంది. 2000 సెప్టెంబరులో సముద్రంలోకి కొత్త మొగ, అంటే నీటి దారి, తవ్వేదాకా చిలికాలో జరిగింది అదే.