ఫైల్ పేరులో స్పేస్ ఉంటే స్క్రిప్ట్ ఎందుకు పడిపోతుంది? షెల్ అపోహలు - వాస్తవాలు

చాలా ఏళ్లుగా లినక్స్ సర్వర్ల మీద షెల్ (మనం టైప్ చేసిన కమాండ్లని నడిపించే ప్రోగ్రామ్) స్క్రిప్టులు, అంటే వరుసగా నడిచే కమాండ్ల ఫైళ్లు, రాసుకుంటూ బతుకుతున్నా. టీమ్‌లోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ ఇవే మాటలు చెప్తారు, నేనూ ఒకప్పుడు ఇవే నమ్మి దెబ్బలు తిన్నవాణ్ణే కాబట్టి ఎవర్నీ ఏమీ అనను.

అపోహ: ఫైల్ పేర్లలో స్పేసులు పెట్టొద్దని అందరికీ ఒక మాట చెప్పేస్తే చాలు.

వాస్తవం: ఎవరికి చెప్తారండీ, వాట్సాప్‌కి చెప్తారా? వాట్సాప్ వెబ్ నుంచి ఒక్క ఫోటో దించుకోండి, తేదీ, టైమ్, ఏఎం పీఎం అన్నీ కలిపి ఆ పేరులోనే ఐదు స్పేసులుంటాయి, అదే ఫోటో మళ్లీ దించితే చివర్లో ఇంకో స్పేసూ బ్రాకెట్లో ఒకటీ వచ్చి చేరతాయి. కొత్త మ్యాకుల్లో స్క్రీన్‌షాట్ పేరు ఇంకా ఘోరం, ఏఎం పీఎం ముందు ఉండేది చూడ్డానికి స్పేస్‌లాగే ఉంటుంది కానీ అది మన స్పేస్‌బార్ స్పేస్ కాదు, పేరు చేత్తో టైప్ చేస్తే అలాంటి ఫైలే లేదంటుంది. యునిక్స్ లెక్కలో పేరులో పెట్టకూడనివి రెండే రెండు బైట్లు, స్లాష్, నల్ (విలువ సున్నా ఉన్న బైట్). మిగతావన్నీ చెల్లుతాయి, స్టార్, కొటేషన్, ట్యాబ్, ఆఖరికి న్యూలైన్ కూడా.

అసలు గొడవ పేరులో లేదు, మనం కోట్స్ లేకుండా సీపీ $ఎఫ్ (సీపీ అంటే కాపీ కమాండ్, $ఎఫ్ అంటే ఫైల్ పేరు దాచుకున్న వేరియబుల్) అని రాయడంలో ఉంది. అలా రాస్తే షెల్ ఆ విలువని స్పేస్, ట్యాబ్, న్యూలైన్ దగ్గర ముక్కలు చేస్తుంది, తర్వాత ఆ ముక్కల్లో స్టారో క్వశ్చన్ మార్కో కనిపిస్తే దానికి సరిపోయే ఫైళ్ల పేర్లన్నీ తెచ్చి అక్కడ పోస్తుంది. "$ఎఫ్" అని డబుల్ కోట్స్ పెడితే రెండూ ఆగిపోతాయి. 2001లో ఐట్యూన్స్ 2.0 ఇన్‌స్టాలర్ కొందరి డిస్కులు తుడిచిపెట్టింది కూడా ఇలాగే, డిస్క్ పేరులో స్పేస్ ఉంది, స్క్రిప్టులో కోట్స్ లేవు, అంతే.

అపోహ: తెలుగులో పేర్లు పెడితే స్క్రిప్టులు ఆగిపోతాయి.

వాస్తవం: ఇది విన్నప్పుడల్లా నాకు కాస్త మండుతుంది. యూటీఎఫ్-8లో (అక్షరాలని బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు అక్షరాల బైట్లన్నీ 128, ఆ పైనే ఉంటాయి, స్పేస్, స్లాష్, స్టార్, కొటేషన్ అన్నీ 128 లోపు, అంటే తెలుగు పేరు దేనితోనూ కలిసిపోయే ప్రశ్నే లేదు. షెల్‌కి వాట్సాప్ పేరు కన్నా తెలుగు పేరే తేలిక.

ఇబ్బందులు వేరే ఉన్నాయి. ఒకటి పొడవు. ఈఎక్స్‌టీ4లో (లినక్స్ ఫైల్ సిస్టమ్) పేరుకి 255 బైట్ల హద్దు, మన కోడ్ పాయింట్ (యూనికోడ్ ఒక్కో అక్షరానికీ గుర్తుకీ ఇచ్చిన నంబర్) ఒక్కోటి 3 బైట్లు, "స్త్రీ" అని ఒక్క అక్షరంలా కనిపించేది లోపల ఆరు, అంటే 18 బైట్లు. పెళ్లి ఆల్బమ్‌కి ఇంటిపేర్లతో సహా వధూవరుల పేర్లన్నీ పెడితే తొందరగానే గోడ తగులుతుంది.

రెండోది నన్ను ఒక మధ్యాహ్నమంతా తిప్పింది. పాత మ్యాక్ డిస్క్ నుంచి వచ్చిన ఫోల్డర్లో "ఫైల్" అని ఒక పేరు, మన సర్వర్లోనూ "ఫైల్" అనే ఇంకోటి, పక్కపక్కన పెడితే కవలలే, పోల్చితే మాత్రం వేరు అంటుంది. కారణం ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు, ఆ పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ అన్ని పేర్లనీ విడగొట్టి దాచుకునేది. ఒక "ఫైల్" 12 బైట్లు, ఇంకోటి 15. హెక్స్‌డంప్‌లో (బైట్లని విడివిడిగా చూపించే టూల్) చూసేదాకా నమ్మలేదు నేను.

అపోహ: ఎల్ఎస్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొడితే పేరు చుట్టూ కొటేషన్లు వస్తున్నాయి, పేరు పాడైంది.

వాస్తవం: లేదు. 2016 నుంచి జీఎన్‌యూ ఎల్ఎస్ (లినక్స్‌లో ఎక్కువగా ఉండేది) స్క్రీన్ మీద మాత్రం అలా చూపిస్తోంది, పైప్‌లోకి, అంటే ఇంకో కమాండ్‌కి, పంపితే ఉండవు.

అపోహ: ఎల్ఎస్ అవుట్‌పుట్ మీద ఫర్ లూప్ తిప్పితే చాలు, లేదంటే ఫైండ్ (ఫైళ్లు వెతికేది) నుంచి ఎక్స్‌ఆర్గ్స్‌కి (వచ్చిన పేర్లని ఇంకో కమాండ్‌కి అందించేది) పైప్.

వాస్తవం: ఎల్ఎస్ వద్దు, ఫర్ లూప్‌లో నేరుగా స్టార్ పెట్టండి, స్టార్ తెచ్చిన పేర్లని షెల్ మళ్లీ ముక్కలు చెయ్యదు. ఫోల్డర్ ఖాళీగా ఉంటే స్టార్ స్టార్‌గానే మిగులుతుంది కాబట్టి లూప్ లోపల ఫైల్ ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి.

ఎక్స్‌ఆర్గ్స్ సంగతి, ఒక ఫోటో స్టూడియో బ్యాకప్ నేనే రాసిచ్చా. వాళ్లు ఒక ఫోల్డర్‌కి "పాప'స్ బర్త్‌డే" అని పేరు పెట్టారు, ఎక్స్‌ఆర్గ్స్ ఆ ఒక్క కొటేషన్‌కి జత దొరకలేదని అక్కడే ఆగిపోయింది, ఎర్రర్ పోయి ఎవరూ తెరవని లాగ్‌లో పడింది, ఆ తర్వాతి ఫోల్డర్లకి కొన్ని రోజులు బ్యాకప్పే లేదు. తప్పు స్టూడియో వాళ్లది కాదు, నాది. ఫైండ్‌లో -ప్రింట్0, ఎక్స్‌ఆర్గ్స్‌లో -0 పెట్టుంటే పేర్ల మధ్య నల్ ఉండేది, పేరులో నల్ రానే రాదు కదా. 2024 పోసిక్స్‌లో (యునిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) ఈ రెండూ చేరాయి, ఇక సాకు లేదు.

అపోహ: అన్నిచోట్లా కోట్స్ పెట్టా, ఇక ఢోకా లేదు.

వాస్తవం: -ఆర్ఎఫ్ అనే పేరుతో ఫైల్ ఉందనుకోండి, ఆర్ఎం (ఫైళ్లు తుడిచే కమాండ్) స్టార్ కొడితే ఆర్ఎం దాన్ని ఆప్షన్ అనుకుంటుంది, సబ్ డైరెక్టరీలన్నీ అడక్కుండా పోతాయి, తమాషా ఏంటంటే ఆ ఫైల్ ఒక్కటే మిగిలిపోతుంది. కోట్స్ ఇక్కడ ఏమీ చెయ్యలేవు. స్టార్ ముందు ./ పెట్టండి, పేరు ఇక హైఫన్‌తో మొదలవ్వదు. రెండు హైఫన్లు -- పెట్టినా చాలావాటికి సరిపోతుంది కానీ నాకు ./ మీదే నమ్మకం.

నా మెషీన్లో "చెత్త" అని ఒక ఫోల్డర్ ఉంది, అందులో స్పేస్‌తో మొదలయ్యేదీ, హైఫన్‌తో మొదలయ్యేదీ, మధ్యలో న్యూలైన్ ఉన్నదీ, ఒంటరి కొటేషన్ ఉన్నదీ, స్టార్ ఒక్కటే పేరుగా ఉన్నదీ, రెండు రకాల ఐత్వాలూ, అన్నీ ఖాళీ ఫైళ్లే. ఏ స్క్రిప్ట్ రాసినా ముందు షెల్‌చెక్‌తో (స్క్రిప్టుల్లో తప్పులు పట్టే టూల్) చూసి, తర్వాత ఆ చెత్త కాపీ మీద ఒకసారి తిప్పుతా. మొన్న కొత్తగా చేరిన కుర్రాడి స్క్రిప్ట్ అక్కడ మూడో ఫైల్ దగ్గర పడింది, వాడు నవ్వి "అన్నా, ఇలాంటి పేర్లు ఎవరు పెడతారు" అన్నాడు, వాడి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూపించా.