సాక్ష్యం రాయాలనుకుంటున్న పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

మీలో కొందరు మీ సాక్ష్యం, అంటే దేవుడు మీ జీవితంలో చేసినదాన్ని, రాయాలనుకుంటున్నారని తెలిసి చాలా సంతోషించాను. కానీ ఆ మాటతో పాటే ఒక దిగులూ వినబడింది. "మేం పుట్టింది విశ్వాసుల ఇంట్లో. తాగుడు లేదు, జైలు లేదు, చావు అంచుల దాకా వెళ్లొచ్చిందీ లేదు. ఇంక రాయడానికి ఏముంది?" అంటున్నారట. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ ప్రశ్న కోసమే.

ఉత్తర ఆఫ్రికాలో 354లో పుట్టిన క్రైస్తవ బోధకుడు అగస్టీన్ తన జీవితాన్ని దేవునితో మాట్లాడుతున్నట్టుగా 13 భాగాల పుస్తకంగా రాశాడు. అందులో రెండో భాగం తీసి చూస్తే, పదహారేళ్ల వయసులో రాత్రిపూట స్నేహితులతో కలిసి పక్క తోటలో బేరిపళ్లు దొంగిలించిన సంగతి ఉంటుంది. ఆకలేసి కాదు, ఆ పళ్లు అంత బాగున్నవీ కావు. చాలామటుకు పందులకు పడేశారు. జరిగింది అంతే. కానీ అగస్టీన్ అక్కడే ఆగిపోయి, "అసలు ఎందుకు చేశాను?" అని తన మనసును తవ్వుకుంటూ పోయాడు. ఒంటరిగా ఉంటే ఆ పని చేసేవాణ్ని కాననీ, తప్పు చేయడమే తనకు సరదాగా అనిపించిందనీ రాశాడు. పదహారు వందల ఏళ్లు దాటినా ఆ పేజీల దగ్గర మనకు మన ముఖమే కనబడుతుంది. సంగతి ఎంత చిన్నదైనా నిజాయితీగా చూస్తే చాలు.

చిన్నదని సిగ్గుపడితేనే ప్రమాదం. మామూలు జ్వరం కాస్తా డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బు అవుతుంది. రెండు రోజుల టెన్షన్ రెండేళ్ల చీకటి అవుతుంది. దేవుని మహిమ కోసమే కదా అని సర్దిచెప్పుకుంటాం. యోబు తన స్నేహితుల్ని సూటిగా అడిగింది ఇదే: దేవుని పక్షాన అబద్ధాలు చెబుతారా అని. ఆయనకు మన అబద్ధం అవసరం లేదు పిల్లలూ. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో యేసు వల్ల చూపు వచ్చిన మనిషిని చూడండి. పరిసయ్యులనే మతపెద్దలు ఎంత గుచ్చి గుచ్చి అడిగినా తెలియని దాన్ని తెలియదన్నాడు. ఒకప్పుడు గుడ్డివాణ్ని, ఇప్పుడు చూస్తున్నాను, అది మాత్రం తెలుసన్నాడు. ఆ మాట దగ్గర గట్టిగా నిలబడ్డాడు.

ఇంకో తొందరపాటు కూడా ఉంది. రక్షణ పొందిన రోజుతో, అంటే యేసును నమ్ముకున్న రోజుతో, సాక్ష్యం ముగించేయడం. "ఆ రోజు నుంచి నా జీవితం పూర్తిగా మారిపోయింది" అని ఒక్క వాక్యం రాసి పెన్ను మూసేస్తారు. "అమేజింగ్ గ్రేస్" పాట రాసిన జాన్ న్యూటన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1748లో సముద్రంలో తుఫానులో చిక్కుకుని దేవునికి మొరపెట్టాడు. కథ అక్కడితో ఆపితే వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆ తర్వాత కూడా ఆయన మనుషుల్ని బానిసలుగా అమ్మే ఓడలు నడిపాడు, 1754 దాకా సముద్రం మీదే ఉన్నాడు. 1764లో తన జీవితాన్ని ఉత్తరాల రూపంలో అచ్చు వేయించాడు. ఆ వ్యాపారం ఎంత ఘోరమో, అందులో తన చేతులు ఎంత దూరం వెళ్లాయో బయటికి ఒప్పుకుంటూ 1788లో మరో చిన్న పుస్తకం రాయాల్సి వచ్చింది. మారుమనస్సు ఒక రోజున మొదలై ఏళ్ల తరబడి సాగుతుంది. మీలో ఇంకా మారనిది ఉంటే, దాన్నీ రాయండి. నా దృష్టిలో సాక్ష్యానికి అది మచ్చ కాదు, బలం.

జవాబు రాని ప్రార్థనలకూ చోటివ్వండి. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులా గుచ్చుతున్న బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు, కృప చాలునన్న మాట మాత్రం దొరికింది. 88వ కీర్తన అయితే చీకటిలోనే ముగిసిపోతుంది. దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు.

రాసేటప్పుడు మన సంఘంలో అలవాటైన మాటలు ముందుకొచ్చేస్తాయి. "ప్రభువు నన్ను బలంగా తాకాడు" అంటాం. సంఘంలో తలలూపుతారు. బయటివాడికి ఏం జరిగిందో తెలియదు. అదే, "అన్నయ్యతో మాటలు మానేసి చాలా కాలమైంది. ఆ రాత్రి ప్రార్థన చేసి లేచి ఫోన్ చేశాను. ఎత్తగానే ఏం చెప్పాలో తెలియక, తిన్నావా అని అడిగాను" అని రాస్తే, తాకిందెవరో చదివేవాడికే తెలుస్తుంది.

తేదీలు గుర్తు లేకపోతే మీ పాత బైబిలు తిరగేయండి. మా అమ్మ బైబిలు అంచుల్లో పెన్సిలుతో తేదీలు, పక్కన ఒకటో రెండో మాటలు ఉండేవి: "జీతం రాలేదు", "పాప లేచి కూర్చుంది". ఆ పాప నేనే. నాకు గుర్తులేని రోజు, ఆమె చేతిరాత వల్లే నా సాక్ష్యంలోకి వచ్చింది.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. మీ కథలో ఇతరుల బతుకులూ ఉంటాయి. నాన్న తాగుడు, అక్క విడాకులు, స్నేహితురాలు మీకొక్కరికే చెప్పుకున్న బాధ, ఇవన్నీ మీ సొంతం కావు. వాళ్లకు చదివి వినిపించి, సరేనంటేనే ఉంచండి. వద్దంటే తీసేయండి, పేరు మార్చి ఊరుకోవద్దు, తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. ఒకసారి ఫోన్ల నుంచి ఫోన్లకు పాకిన మాటను మళ్లీ వెనక్కి తీసుకోలేం.

చెప్పే దగ్గరికొస్తే, పౌలు చూపించిన దారి నాకిష్టం. విశ్వాసుల్ని హింసిస్తున్న పౌలుకు దమస్కు దారిలో యేసు ఎదురైన సంగతి బైబిల్లోని అపొస్తలుల కార్యాల్లో మూడుసార్లు వస్తుంది. యెరూషలేములో గుంపు ముందు వాళ్ల భాషలోనే మాట్లాడుతూ ధర్మశాస్త్ర బోధకుడు గమలీయేలు దగ్గర చదువుకున్నాననీ, దమస్కులో తన దగ్గరికి వచ్చిన అననీయ ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే మనిషనీ చెప్పాడు. అగ్రిప్ప రాజు ముందు అననీయ పేరే ఎత్తలేదు. వెలుగు, స్వరం, "నన్నెందుకు హింసిస్తున్నావు" అన్న ప్రశ్న మాత్రం మూడుచోట్లా ఉన్నాయి. ఎవరి ముందు ఏది అవసరమో అది చెప్పాడు, జరిగినదాన్ని మాత్రం మార్చలేదు. మీరూ సంఘంలో పది నిమిషాల్లో చెప్పేదీ, విశ్వాసంలో లేని స్నేహితుడికి టీ తాగుతూ చెప్పేదీ ఒకేలా ఉండనక్కర్లేదు.

అచ్చుకి ఇచ్చేముందు, మీతో ఏకీభవించని ఒక్కరికైనా చదివి వినిపించండి. ఎక్కడ నమ్మబుద్ధి కాలేదో అడిగి, ఆ చోటికి గుర్తు పెట్టుకోండి. అక్కడ సాధారణంగా మనం ఏదో దాటేసి ఉంటాం. మొదటి పేజీలు రాయగానే నాకూ పంపండి, తప్పకుండా చదివి జవాబు రాస్తాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ