సైన్స్ క్లాసులో పిల్లలు ఎందుకు ప్రశ్నలడగరు? వందేళ్ల వెనక్కి వెళ్తే...

పాఠం అయ్యాక "అర్థమైందా?" అంటే క్లాసంతా "ఆఁ..." అని సాగదీసేస్తారు, డౌట్లున్నాయా అంటే మాత్రం ఒక్కరూ లేవరు. పిల్లలకి సిగ్గు, భయం అని చాలామంది అక్కడితో తేల్చేస్తారు. కానీ దీని చరిత్ర తిరగేస్తే లెక్క వేరేలా కనిపిస్తుంది.

1912లో అమెరికాలో రోమియెట్ స్టీవెన్స్ అనే ఆవిడ హైస్కూల్ టీచర్లు అడిగే ప్రశ్నలు లెక్కపెట్టింది. రోజుకి సుమారు 395! అందులో మూడింట రెండొంతులు పుస్తకంలో ఉన్నది అప్పజెప్పించేవే. అంటే ప్రశ్నలకి కరువేం లేదు, అన్నీ ఒకవైపు నుంచే వస్తున్నాయంతే. అంతకి రెండేళ్ల ముందే, 1910లో అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ మొత్తుకున్నాడు, సైన్స్‌ని రెడీమేడ్ విషయాల మూటలా నేర్పుతున్నారు, ఆలోచించే పద్ధతిగా కాదు అని. విన్నవాళ్లు విన్నారు, క్లాసులు మాత్రం అలాగే నడిచాయి.

కాస్త కదలిక వచ్చింది 1957లో, సోవియట్ యూనియన్ మొట్టమొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ని పైకి పంపాక. అమెరికా ఉలిక్కిపడి మరుసటి ఏడే చట్టం చేసి సైన్స్ చదువు మీద డబ్బు గుమ్మరించింది. ఆ రోజుల్లోనే రిచర్డ్ సచ్‌మన్ అనే అమెరికన్ విద్యా పరిశోధకుడు చేసిన ప్రయోగం ఒకటి నాకు భలే నచ్చుతుంది. రెండు లోహాలు అతికించిన బద్దని మంట మీద పెడితే వంగుతుంది, నీళ్లలో ముంచితే మళ్లీ తిన్నగా అవుతుంది, ఇది పిల్లలకి ఫిల్మ్‌లో చూపిస్తారు, ఆ తర్వాత ప్రశ్నలన్నీ పిల్లలవే, టీచర్ అవును కాదు తప్ప ఇంకేం చెప్పకూడదు. "ఎందుకు వంగింది సార్" అంటే కుదరదు మరి. "బద్ద అంతా ఒకే లోహమా?", "తిరగేసి వేడిచేస్తే అటువైపు వంగుతుందా?" ఇలా అడగాలి, అలా అడగాలంటే ముందు బుర్రలో ఒక ఊహ పుట్టాలి కదా, అసలు కిటుకంతా అక్కడే ఉంది.

తర్వాత మేరీ బడ్ రోవ్ అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు సైన్స్ క్లాసులని టేపుల్లో రికార్డ్ చేసి విని, 1974లో చెప్పింది వింటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ప్రశ్న వేశాక టీచర్ ఆగేది సగటున 1 సెకను. దాన్ని 3 సెకన్లు దాటిస్తే జవాబులు పొడుగయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, పిల్లలే ఎదురు ప్రశ్నలు వెయ్యడం పెరిగింది. ఖర్చు లేదు, ల్యాబ్ లేదు, కాసేపు నోరు మూసుకోవడమే!

1994లో గ్రేసర్, పర్సన్ అనే పరిశోధకులు ఇచ్చిన అంకెలు ఇంకా సూటిగా ఉంటాయి (సైన్స్ ఒక్కదాని లెక్క కాదులెండి). మామూలు క్లాసులో ఒక్కో స్టూడెంట్ అడిగేది గంటకి 0.11 ప్రశ్న, అంటే సుమారు 9 గంటలకి ఒకటి. ట్యూటర్ పక్కన కూర్చుంటే గంటకి 26.5. ఇంత తేడా చూశాక కూడా సిగ్గే కారణమంటే నేనైతే ఒప్పుకోను.

2012లో అమెరికా సైన్స్ విద్యకి కొత్త ఫ్రేమ్‌వర్క్ వచ్చింది, అందులో పిల్లలు చెయ్యాల్సిన 8 పనుల్లో మొదటిదే ప్రశ్నలడగడం. బానే ఉంది, కానీ ఎప్పుడు అడగనివ్వాలి? స్కార్డమాలియా, బెరైటర్ అనే పరిశోధకులు 1992లోనే ఒక సంగతి పట్టుకున్నారు, పాఠం చదవక ముందు తమకి తెలుసుకోవాలనిపించింది అడిగిన పిల్లల ప్రశ్నలు, చదివాక దాన్ని బట్టి వేసిన ప్రశ్నల కంటే లోతుగా ఉన్నాయి. చాలా క్లాసుల్లో డౌట్లకి ఇచ్చేదేమో చివరి రెండు నిమిషాలు, అదీ బెల్లు కొట్టకపోతే.